తెగేదాకా

రాత్రి పదకొండుకి, కరెంటు చౌకయ్యే వేళ,
ద్రాక్ నది నీళ్ళు లోపలికి తీసుకుంటాం.
గ్రెనోబుల్ నిద్రపోతుంటే
మా అయస్కాంతం ఊరందరికన్నా ఎక్కువ తాగుతుంది.
నీళ్ళు చల్లగా వస్తాయి, గోరువెచ్చగా వెళతాయి.
చేపలకేమనిపిస్తుందో ఎవరూ అడగరు.

నేను ఫిర్మిన్‌ని. పంపుల మనిషిని.
ఇరవై రెండేళ్ళు పైన మంచుకొండల్లో రోప్‌వే తాళ్ళు చూశాను,
అరచెయ్యి ఆనిస్తే చాలు, బిగువెంతో చెప్పేవాణ్ణి.
మోకాలు పోయాక కొండ దిగి ఇక్కడ కుదిరాను.

ఓంబెలిన్ ఈసారి తెచ్చింది ఒక నలుసు.
కనురెప్ప వెంట్రుక పొడుగు, అంతకన్నా కాస్త వెడల్పు.
జిర్కోనియం, టెల్లూరియం.
పేరు గొప్ప, ఊరు చిటికెడు.

"ఇది లోహమేనా?"
"సగం" అంది.
టోపోలాజికల్ అనే మాటని నాకోసం
కాఫీ కప్పు మూత మీద గీసింది:
నిలబెట్టిన కొండ ఒకటి, దానిపైన బోర్లించిన కొండ ఒకటి,
రెండు శిఖరాలూ ముట్టుకునే ఒక్క చుక్క.
"ముట్టుకుంటే ఎలక్ట్రాన్ తన బరువు మరిచిపోతుంది.
వెంట్రుకవాసి ఎడమైతే మళ్ళీ మొయ్యాలి."

ఆ వెంట్రుకవాసి కోసమే లాగుతుంది తను,
వోల్టు ఇస్తే సాగే బుల్లి ఇటుక మీద జిగురుతో అంటించి,
వెయ్యిలో ఒక వంతు.

లాగింది. రెసిస్టెన్స్ తగ్గింది.
ఇంకాస్త. ఇంకా తగ్గింది.
ఇంకాస్త,
పెరగడం మొదలు.
"ఆ లోయ అడుగున ముట్టుకున్నాయి."
వదిలి, మళ్ళీ బిగించి, సరిగ్గా అక్కడ ఆపింది,
నేను తాళ్ళకి చేసినట్టే.

ఇక ఫీల్డ్.
పంపులు హోరెత్తాయి, నేల అరికాళ్ళలో వణికింది.
కరెంటుకి అడ్డంగా పెడితే, అనుకున్నదే, దారి బిగుసుకుంది:
ఎలక్ట్రాన్లు గానుగెద్దుల్లా తిరిగి తిరిగి ఎక్కడివక్కడే.
నలుసుని పావు చుట్టు తిప్పింది.
ఇప్పుడు ఫీల్డూ కరెంటూ ఒకే ఏటివాలు.
గీత దిగింది.
ఎడమచేతివాటం ఎలక్ట్రాన్లు కొన్ని
కుడిచేతివాటంలోకి మారిపోతున్నాయట,
ఆ మారడమే దారి తెరుస్తుందట.

కుర్రాడు ఆన్సెల్మ్ చప్పట్లు కొట్టాడు.
ఓంబెలిన్ కొట్టలేదు.
"వైర్లు మధ్యలో చుక్కల్లా అంటించాను.
కరెంటు నడుమనే పరిగెత్తి అంచులు తాకకపోయినా
గీత ఇలాగే దిగుతుంది.
అది దీని గుణం కాదు, నా చేతి గుణం."

ఉన్నది ఒక్క నలుసు.
ఊడదీస్తే విరగొచ్చు. ఊడదీసింది.
మైక్రోస్కోపు కింద, ఊపిరి పక్కకి వదులుతూ,
ఈ అంచు నుంచి ఆ అంచుకి వెండి పూసింది.

మూడో రాత్రి మళ్ళీ నది లోపలికొచ్చింది.
గీత దిగింది, ముందున్నదాంట్లో సగమే.
"పోయిన సగం నేను" అంది.
"మిగిలింది?"
"నిజమే అయ్యుండొచ్చు."
ఉండొచ్చు అన్న మాట అంత గట్టిగా పలకడం
నేనెప్పుడూ వినలేదు.

నాలుగింటికి, ఇంకో గంట కరెంటు మిగిలుండగా,
వోల్టు పెంచబోతే చెయ్యి అడ్డం పెట్టాను:
తెగేదాకా లాగకూడదమ్మా.
"ఎక్కడ తెగుతుందో మీ తాళ్ళకి ఎవరు చెప్పారు?"
ఎవరో ఒకరు ఒక తాడు తెంపే చూసుంటారు.
చెయ్యి తీశాను.

తాడు తెగేముందు పాడుతుంది,
పోగు పోగుగా, లోయంతా వినబడేట్టు.
దీనికి గొంతే లేదు.
తెరమీద అంకె ఒక్కసారి లేచి
కాగితం దాటి వెళ్ళిపోయింది.

తను నోట్‌బుక్‌లో టైము రాసింది, వోల్టు రాసింది.
నేను పంపులు తగ్గించాను.
ద్రాక్ తన నీళ్ళు తను తీసుకుంది.
నా అరచెయ్యి మాత్రం, పాత అలవాటు,
గాలిలో తాడు కోసం
కాసేపు తడుముకుంది.